గేరు సీటులో కాఫీ బాబు

పదహారుమంది ఎక్కిన జీపులో కూడా "ఖాళీగా ఉంది, రండి రండి" అని డ్రైవరు జనాన్ని పిలిచే రోజులవి. ఇప్పుడు అరకు రోడ్డు మీద అద్దాలు బిగించుకుని ఇద్దరేసి మనుషులు కార్లలో పోతుంటే నాకు వాళ్ళమీద జాలేస్తుంది. పాపం, ఎవరి మోకాలూ ఎవరికీ తగలదు. అప్పట్లో మన్యంలో ప్రయాణమంటే మోకాళ్ళ పరిచయం. ఎదుటి మనిషి పేరు తెలిసేలోపు వాడి మోకాలు మనకు బాగా తెలిసిపోయేది. ఈ మాట చెప్తే మా ఇంటికొచ్చేవాళ్ళు మర్యాదకు నవ్వుతారు గానీ, తరువాత వరండా గోడవైపు చూసేసరికి ఆ నవ్వు కాస్తా ఆగిపోతుంది. గోడ నిండా గేరు రాడ్లే. మొత్తం ఇరవై ఏడు. కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చింది నచ్చక, జీపుల వాళ్ళూ టాక్సీల వాళ్ళూ సరదాపడి బయట చేయించుకున్నవే చాలావరకు. ఒకదానికి పిడి బదులు గాజు గుండు, దాని లోపల ఎర్ర గులాబీ. ఒకదానికి ఇత్తడి సింహం తల. ఇంకొకటి, స్టీరింగు పక్కనుండే గేరు పీకించేసి నేలమీదకు దింపించుకున్న ఒక కాంట్రాక్టరు పాత కారుది. కిందటేడు చలికాలంలో కాఫీ తాగడానికి ఆగిన ఒక పట్నం అమ్మాయి వాటిని చూసి, "ఇవి ఇక్కడివాళ్ళ వేట ఆయుధాలా అంకుల్?" అని అడిగింది. "అవునమ్మా, వీటితో కొండల్నే లొంగదీసేవాళ్ళు" అన్నాను. ఫొటో తీసుకుని వెళ్ళిపోయింది.

(నేనొక్కణ్ణే పిచ్చివాణ్ణి అనుకోకండి. ఫోనులో ఒక గుంపుంది. అమెరికాలో పాత కార్లకు పెద్ద ఇంజన్లు ఎక్కించి ఊరేగే ముసలాళ్ళు, ఆ కార్ల నేల గేర్ల రాడ్లు పోగుచేసుకుంటూ ఉంటారు. నేనూ చేరాను. నా గోడ ఫొటో పెడితే, మధ్యనున్న తిన్నటి రాడ్డు గురించి ఒకాయన "దీని తయారీ ఎవరిది?" అని అడిగాడు. ఆ పక్కన విరిగి రెండు ముక్కలుగా ఉన్నదాని గురించి ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే, పాడేరు బస్టాండు వెనక వెల్డింగు మావది అని చెప్పేవాణ్ణి.) ఆ రెండు రాడ్ల కథే ఇది. మిగతా ఇరవై అయిదూ ఆ రెండిటికీ తోడుగా ఉంటాయని తెచ్చినవే.

నాకు ఇరవై రెండేళ్ళప్పుడు పాడేరులో ఉద్యోగమొచ్చింది. కాఫీ మొక్కలు పంచే ఆఫీసులో గుమాస్తా. కింద, సముద్రం పక్క ఊర్లో పుట్టినవాణ్ణి. అంతకుముందు కాఫీని గ్లాసులో చూడడమే తప్ప మొక్కగా చూసిన పాపాన పోలేదు. ఒక కిరాణా కొట్టు వెనక గదిలో దిగాను. కొట్టాయన నాతో మాట్లాడేది నెలకొక్కసారి, ఒకటో తారీఖున. ఆఫీసులో పెద్దవాళ్ళందరికీ సంసారాలున్నాయి, అయిదయ్యేసరికి గొడుగులు తీసుకుని ఎవరి దారిన వాళ్ళు పోయేవారు. నేను గదికి పోయి కిటికీలోంచి మంచును చూస్తూ కూర్చునేవాణ్ణి. మంచు చాలా అందంగా ఉంటుందని కింద మా ఊరికి ఉత్తరాలు రాశాను. ఒంటరిగా చూసే మంచు ఎలా ఉంటుందో మాత్రం రాయలేదు. మూడో వారంలో ఒకరోజు నా గొంతు నాకే వింతగా వినిపించింది. లెక్క చూసుకుంటే ముందురోజు పొద్దుట్నుంచి ఎవరితోనూ ఒక్క మాటైనా ఆడలేదు.

అలాంటి నాకు వారానికి రెండుసార్లు కొండమీద ఊళ్ళలో జరిగే సంతలకు వెళ్ళి, మొక్కలు కావలసిన రైతుల పేర్లు రాసుకొచ్చే పని అప్పగించారు. వెళ్ళాలంటే ఒకటే జీపు, అది సగమన్న అనే డ్రైవరుది. అతని అసలు పేరు వేరే ఉంది గానీ, జీపు నడిపేటప్పుడు ఒంట్లో సగమే లోపలుండి మిగతా సగం గాల్లో ఉండేది కనక అందరూ సగమన్న అనేవారు. ముందు సీటులో డ్రైవరు కాక నలుగురు కూర్చోవాలి. ఆ నలుగురికీ చోటివ్వడానికి సగమన్న కుడివైపుకు జరిగీ జరిగీ, తలుపు లేని ఆ పక్క నుంచి ఒక తుంటిని బయటకు వేలాడేసి, కాళ్ళు మాత్రం లోపల క్లచ్చి, బ్రేకుల మీద పెట్టుకుని నడిపేవాడు. అంత దూరం జరిగాక అతని చేతికి గేరు ఎక్కడందుతుంది? అది పక్కవాడి రెండు మోకాళ్ళ మధ్య పొట్టిగా, తిన్నగా నిలబడి ఉండేది. అందుకని ఆ దారిలో ఒక పద్ధతి ఏర్పడింది. సగమన్న క్లచ్చి తొక్కి అంకె చెప్తాడు. గేరు సీటులో కూర్చున్నవాడు గేరు వేస్తాడు.

ఆ సీటంటే అందరికీ హడలు. ఆడవాళ్ళు ఛస్తే కూర్చోరు. ముసలివాళ్ళకు మోకాళ్ళ నొప్పులు. తెలివైనవాళ్ళు ముందే వెనక్కి ఎక్కేసేవారు. అందుచేత అది ఎప్పుడూ కొత్తవాడికే దక్కేది. మొదటిరోజు నేను బ్యాగు గుండెలకు హత్తుకుని నిలబడితే సగమన్న నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"ఏటి బాబూ, కాఫీ ఆఫీసా? రండి, ఇలాగ కూకోండి. గేరెయ్యడం వచ్చునేటి?"

"రాదండి."

"అయితే మరీ మంచిది. వచ్చినోడైతే సొంత తెలివి వాడతాడు. నాను సెప్పింది వినండి సాలు."

విన్నాను. "ఒకటి" అన్నాడు, వేశాను. జీపు నలభై ఏళ్ళు పొగ తాగిన ముసలాడిలా దగ్గింది. "రెండు" అన్నాడు, రెండోది అనుకుని నాలుగోది వేశాను. జీపు ఆగిపోయింది, పదహారుమందీ నన్ను చూశారు. వెనక అల్లం బుట్టతో కూర్చున్న ఒక ముసలమ్మ (ప్రతి సంతకూ వచ్చేది, అల్లమమ్మ అనేవారు), "కాయితాలు రాసే సెయ్యి కదేటి, అలవాటవ్వాలి పాపం" అని నా పక్షాన మాట్లాడింది. పాడేరు వచ్చాక నా గురించి ఎవరైనా మంచిగా అన్న మొదటి మాట అదే. ఆ మాట పట్టుకుని వారం రోజులు బతికాను.

రెండు నెలలు తిరిగేసరికి ఆ మార్గంలో నా అంతటి గేరువాడు లేడు. సగమన్న నోరు తెరవకముందే ఇంజను మూలుగు విని చెయ్యి సిద్ధం చేసుకునేవాణ్ణి. ఆ జీపుకు మూడో గేరు జారిపోయే జబ్బుండేది. దిగువలో దానంతటది ఊడిపోయేది. "మూడు. వదలకండి" అనేవాడు. నేను రెండు చేతులతో రాడ్డును పట్టుకుని, కొండ దిగేదాకా పసిపిల్లను ఎత్తుకున్నవాడిలా కూర్చునేవాణ్ణి. నా చుట్టూ పదహారుమంది, వాళ్ళ కోళ్ళు, పనసకాయలు, పిప్పళ్ళ మూటలు. వీళ్ళందరూ నా చేతిలో ఉన్నారు కదా అనిపించేది. నిజానికి ఉన్నది సగమన్న బ్రేకులో, కానీ ఆ వయసులో అంత లోతుగా ఆలోచించేవాణ్ణి కాదు. నాతో మనుషులు ఆడే మాటలు లెక్కేస్తే సగానికి సగం అంకెలే. ఒకటి, రెండు, మూడు. అయితేనేం, నన్ను చూసి అనే అంకెలు. నేను పలికితేనే జీపు కదిలేది. సంత లేని రోజుల్లో గదిలో మంచం మీద కూర్చుని, గాల్లో గేర్లు వేసుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. (ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.)

దసరా వచ్చింది. మన్యంలో డ్రైవర్లందరూ జీపులు కడిగి, బంతిపూలు కట్టి, గుమ్మడికాయ కొట్టే రోజు. సగమన్నకు ఏదైనా ఇవ్వాలని నాకు గట్టిగా అనిపించింది. ఎందుకని అడిగితే ఇప్పుడైతే చెప్పగలను, నాకున్న ఒకే ఒక్క స్నేహితుడతను. అప్పుడు మాత్రం, "బాగుంటుంది కదా" అనుకున్నాను. అంతకుముందు అరకులో ఒక షోకు జీపు చూశాను. దాని గేరు రాడ్డు పొడుగ్గా, వంపు తిరిగి, తళతళలాడుతూ, కొసన గాజు గుండుతో నా మనసులో నాటుకుపోయింది. సెలవుకు కిందికి వెళ్ళినప్పుడు విశాఖపట్నం పాత ఇనుప కొట్లలో రెండు రోజులు తిరిగి, అలాంటి వంపు రాడ్డే ఒకటి, గాజు గుండుతో సహా సంపాదించాను. అయితే దాని కింది భాగం మన జీపుకు పట్టదు. పాడేరు బస్టాండు వెనకున్న వెల్డింగు మావ దగ్గరకు పట్టుకెళ్తే, ఆయన వేరే పాత జీపు రాడ్డు కింది సగం తీసుకుని, దానికి నా వంపు ముక్క అతికిస్తానన్నాడు.

"అతుకుద్ది బాబూ. కానీ పైది పోతినుము, కిందది ఉక్కు. ఈ రెండిటికీ పడదు, మొగుడూ పెళ్ళాల్లాగ. సెప్తన్నాను."

నేను "అతుకుద్ది" వరకే విన్నాను. సంతోషంలో ఉన్న మనిషి వాక్యం మొదలు వింటాడు, చివర వినడు.

పండగనాడు పొద్దున్నే పూజకు ముందు మావ పాత రాడ్డు పీకి, కొత్తది పెట్టి, గేరు పెట్టె మీది మూత తిప్పి బిగించాడు. "పాతది పారీమంటారేటి?" అని అడిగితే, ఎందుకో చెయ్యి చాచి తీసుకుని బ్యాగులో వేసుకున్నాను. సగమన్న వచ్చాడు. చూశాడు. గాజు గుండులో ఎర్ర గులాబీ ఎండకు మెరుస్తోంది. నేను గొప్పగా పక్కన నిలబడ్డాను. సగమన్న తన చోట్లో, అంటే సగం బయటే, కూర్చుని ఊరికే ఎడమ చెయ్యి చాచాడు. రాడ్డు వంపు సరిగ్గా అతని అరచేతిలోకి వచ్చి కూర్చుంది. ఒకటి వేశాడు. రెండు వేశాడు. మూడు వేసి మోచేత్తో నొక్కిపట్టాడు.

"ఓలమ్మోలమ్మ! సేతికి అందిపోతంది బాబూ! ఇక మీకు కష్టం లేదు. ఎవులికీ కష్టం లేదు!"

సంబరంతో నన్ను కావలించుకున్నాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు మొహం మీద ఉండగానే, నేను చేసిన ఘనకార్యం ఏమిటో మెల్లిగా బుర్రకెక్కింది. కూర్చున్న కొమ్మను నరుక్కున్నవాడి కథ చిన్నప్పుడు చదువుకుని నవ్వుకున్నాను గానీ, వాడు ఆ కొమ్మను బంతిపూలు చుట్టి మరీ నరికాడని ఎక్కడా రాయలేదు.

తరువాతి సంతరోజు వెళ్ళేసరికి గేరు సీటులో అల్లమమ్మ కూర్చుని ఉంది. రాడ్డు వంపు తిరిగి అటు పోవడంతో అక్కడ మోకాళ్ళకు బోలెడు చోటు. బుట్ట కూడా ముందే పెట్టుకుంది. "నీ పున్నెం బాబూ, ఎంత సుకంగా ఉందో" అని చేతులెత్తి దణ్ణం పెట్టింది. నేను వెనక్కి ఎక్కి, రెండు కోడిపుంజుల మధ్య ఇరుక్కున్నాను. ఘాట్ రోడ్డెక్కుతుంటే ఇంజను మూలిగేది. ఆ మూలుగుకు నా చెయ్యి దానంతటది కదిలేది, పక్కనున్న కోడి అరిచేది. ముందునుంచి ఒక్క అంకె కూడా వినపడేది కాదు. జీపు అంత నిశ్శబ్దంగా వెళ్ళడం నాకు అస్సలు నచ్చలేదు. దిగేటప్పుడు సగమన్న ఎప్పట్లాగే "వస్తానండీ బాబూ" అన్నాడు. ఎవరికైనా అనే మాటే నాకూ అన్నాడు. అంతకుముందు కూడా అంతే అనేవాడు నిజానికి, కానీ ఆ రోజు నొప్పిగా తగిలింది.

ఆ తరువాత ఆరు వారాలు నేను చేసిన చిల్లర పనులు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "సగమన్నా, అంత దూరం చెయ్యి చాపితే భుజం పడిపోతుందట" అన్నాను. "నా బుజానికి ఏటీ కాలేదు బాబూ" అన్నాడు. "గులాబీ ఎరుపు బండికి అచ్చిరాదట" అన్నాను. "మీరే కదేటి తెచ్చినారు!" అన్నాడు. చివరికి, "ఆ అతుకు ఎప్పుడో ఊడుతుంది చూడు" అన్నాను. అది ఏడుపుగొట్టు మాటే తప్ప మావ హెచ్చరిక నాకప్పుడు గుర్తులేదు. సగమన్న బాధపడ్డాడు. "ఇచ్చినోరే అలాగనీకూడదు" అన్నాడు. ఆరోజు గదికొచ్చి సిగ్గుతో తిండి మానేశాను. పాత రాడ్డు మాత్రం బ్యాగులోనే ఉంది. దరఖాస్తు కాగితాల మధ్య, టిఫిను డబ్బా పక్కన. తీసి గదిలో పెడదామని రోజూ అనుకునేవాణ్ణి. పెట్టలేదు. బ్యాగు మోసీ మోసీ ఒక భుజం కిందికి దిగిపోయింది, మా ఆఫీసరు ఒకసారి "ఏమయ్యా, వంకర నడుస్తున్నావు?" అని కూడా అడిగాడు.

కార్తీకంలో తుఫాను ముసురు పట్టింది. సంతకు బయల్దేరాం. ఎగువ మలుపులో సగమన్న జీపును ఒకటో గేరులోకి మార్చబోయాడు. టక్కుమని ఒక శబ్దం. జీపు ఆగింది. సగమన్న చెయ్యి పైకెత్తి చూపించాడు. అందులో గాజు గుండు, గులాబీ, వంపు, జానెడు పొడవు ఇనుము ఉన్నాయి. మిగతాది కింద మిగిలింది.

"ఇదేటి, సేతిలోకి వచ్చీసినాది!" అని అరిచి, బ్రేకు మీద నిలబడి, "రాయెట్టండి! బేగి రాయెట్టండి!" అన్నాడు. వెనకున్నవాళ్ళం దూకి, చక్రాల వెనక రాళ్ళు పెట్టాం. ఎవరికీ ఏమీ కాలేదు. అందరూ వానలో గొడుగులు వేసుకుని, విస్తళ్ళు కుట్టే అడ్డాకులు కప్పుకుని నిలబడ్డారు. నేను చెప్పిన మాట నిజమైనందుకు ఒక్క క్షణం కూడా సంతోషం కలగలేదు. మావ చెప్పిన వాక్యం చివరి సగం ఇప్పుడు మొత్తం గుర్తొచ్చింది. కొండ దిగేటప్పుడు విరిగుంటేనో అనుకుని, చక్రం వెనక ఇంకో రాయి పెట్టాను.

"పాడేరు నడిసెల్లి రాడ్డు తేవాల. ఈ పూట సంత పోనాది" అన్నాడు సగమన్న. అల్లమమ్మ తడుస్తున్న బుట్టను చూసుకుని, తన కొంగు తీసి దానిమీద కప్పింది. అదే ఎక్కువ బాధ పెట్టింది. ఇంక దాచుకోవడం కుదరలేదు. బ్యాగు తెరిచి, టిఫిను డబ్బా పక్కకు నెట్టి, పాత రాడ్డు తీశాను.

అందరూ రాడ్డును చూశారు, తరువాత నన్ను చూశారు. అల్లమమ్మే ముందు తేరుకుంది. "దసరా కాడనించీ ఈ ఇనుమంతా మోస్తన్నావేటి బాబూ?"

"పనికొస్తుందేమోనని..."

సగమన్న రాడ్డు అందుకుని, తుడిచి, దాని పిడిని బొటనవేలితో ఒకసారి రాసి చూశాడు. దానికి తుప్పు లేదు. కొబ్బరినూనె రాసేవాణ్ణి. అతను ఆ నూనె వాసన చూసి నా మొహంలోకి చూశాడు. నేను కొండవైపు చూశాను. మూత తిప్పి, విరిగిన ముక్క తీసి, పాతది దింపి, మూత బిగించడానికి పది నిమిషాలు పట్టింది. లేచి, చేతులు తుడుచుకుని, "అమ్మా, నువ్వు ఎనక్కెల్లు. అది ఆ గుంటడి సీటు" అన్నాడు నన్ను చూపిస్తూ.

ఎక్కి కూర్చున్నాను. తడిసిన మోకాళ్ళ మధ్య రాడ్డు చల్లగా తగిలింది. "ఒకటి" అన్నాడు. ఆరు వారాలుగా ఎదురుచూసిన అంకె అది. తొందరపడి అడ్డదిడ్డంగా నెట్టాను, గేరు కర్రుమని అరిచింది.

"ఏటిరా, మరిసిపోనావేటి?"

నన్ను ఎప్పుడూ "మీరు", "బాబూ" అనే మనిషి. ఆ "ఏటిరా" కోసం ఇప్పటికీ ఎన్ని రాడ్లయినా మొయ్యగలను. తరువాత మావ దగ్గర కొత్త అతుకు పెట్టించుకోమని ఎందరు చెప్పినా సగమన్న పెట్టించుకోలేదు. "పొడుగు రాడ్డుకి బుజం నొప్పెడతంది" అనేవాడు.

రెండేళ్ళకు నాకు బదిలీ అయింది. తరువాత ఊళ్ళు మారాయి, ఆఫీసులు మారాయి. (పెళ్ళి సంగతి అడక్కండి, ఆ జీపు నేను బ్యాగు సర్దుకునేలోపే వెళ్ళిపోయింది.) రిటైరయ్యాక అరకు వచ్చి స్థిరపడ్డాను. సగమన్నను చూద్దామని వాళ్ళ ఊరు వెళ్తే, అప్పటికి అతను పోయి ఏడాది దాటింది. జీపు ఎప్పుడో పాత ఇనుముకు పోయిందట. వాళ్ళావిడ నన్ను గుర్తుపట్టి, దూలం మీదనుంచి ఒక గుడ్డ మూట దించి ఇచ్చింది. "కాఫీ బాబు వస్తే ఇమ్మన్నాడు" అంది. తిన్నటి రాడ్డు, విరిగిన వంపు రాడ్డు, రెండూ ఉన్నాయి. పాతదానికి కొబ్బరినూనె వాసన. నేను వెళ్ళాక ఆ సీటులో ఎవరు కూర్చునేవారో అడుగుదామనుకున్నాను. ఈ వయసులో అసూయ పడితే బాగుండదని అడగలేదు.

ఇప్పుడు నాకొక పాత జీపుంది. తిన్నటి రాడ్డు గోడమీద వారానికి ఆరు రోజులే ఉంటుంది, సంతరోజున దించి జీపుకు బిగిస్తాను. ముందు సీటులో నేనొక్కణ్ణే, చెయ్యి హాయిగా అందుతుంది. అయినా ఎగువ మలుపు వచ్చేసరికి క్లచ్చి తొక్కి, "రెండు!" అని గట్టిగా అరుస్తాను. పిలిచేదీ నేనే, పలికేదీ నేనే. రోడ్డు పక్కన సీతాఫలాలు అమ్మే ఆడవాళ్ళు ముసలాడికి మతి పోయిందని నవ్వుకుంటారు. నాకూ నవ్వొస్తుంది, బ్యాగులో ఇనుము మోసుకుంటూ ఒక భుజం వంగిపోయి నడిచిన ఆ ఇరవై రెండేళ్ళవాడిని తలుచుకుని. నా జీపుకు మూడో గేరు చక్కగా నిలబడుతుంది, జారే జబ్బు లేదు. అయినా కొండ దిగేదాకా వదలకుండా పట్టుకునే ఉంటాను.